ఆదోనిలో తాతగారి చెక్కల మేడ: పలకలు పీకేసి షీట్లు కొట్టమంటున్నారు, కొట్టించాలా?

మేడమెట్లు
ఆదోనిలో మా అమ్మ వాళ్ల నాన్న కట్టించిన ఇల్లు. కింద రాయి, మట్టి గోడలు, నడిమింట్లో గవాచి (కప్పులో వెలుతురు, గాలి వచ్చే కంత), ఎండాకాలం కూడా చల్లగానే ఉంటుంది. బాధంతా పైన. పైన రెండు గదులు, నాలుగు పక్కలా గోడలు చెక్కలే. నిలువు పలకలు, వాటి సందుల మీద సన్న పట్టీలు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు దాకా పైకి ఎక్కలేం. పడమటి పక్క పలకలు కింద జానెడు మేర నల్లబడి పొడిపొడిగా రాలుతున్నాయి, వాన కొడితే నీళ్లు లోపలికొస్తాయి, డిసెంబర్లో సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది. ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి, ఈ చెక్కలన్నీ పీకేద్దాం, లోపల థర్మాకోల్ పెట్టి బయట ఏసీపీ (షోరూంలకు వేసే అల్యూమినియం) షీట్ కొడదాం, షోరూంలా మెరుస్తుంది అన్నాడు. పీకిన చెక్క తనే తీసుకెళ్తాడట, దానికి కూలీలో తగ్గిస్తాడట. అమ్మ ససేమిరా అంటోంది, తమ్ముడు ఈ వారమే మొదలుపెట్టేద్దాం అంటున్నాడు. ఇలాంటి ఇల్లు ఎవరైనా బాగు చేయించుకున్నారా? వేడి ఎలా తగ్గించాలి?

కర్నూలు_కుర్రోడు
బ్రో, చెక్క తనే తీసుకెళ్తా అన్నాడంటే అక్కడే అర్థమైపోవాలి. టేకేనా?

మేడమెట్లు
బ్రో కాదు, అక్క. నల్లమల టేకు అని తాత చెప్పేవాడు. నిజమో గొప్పకో తెలీదు.

ఉగ్గాని_బజ్జి
ఎర్రచందనం కాదు కదా? అదే అయితే ఈ చర్చకు ఫారెస్టు వాళ్లు కూడా వస్తారు.

వడ్లాయన_కొడుకు
టేకు అయితే కింద జానెడు పోయినంత మాత్రాన పలక మొత్తం పోయినట్టు కాదు. నిలువు పలక అడుగున కోసిన ముఖం ఉంటుంది చూడండి, నీళ్లు తాగేది అక్కడే, స్ట్రాతో పీల్చినట్టు పీల్చుకుంటుంది. పడమటి వాన జల్లు కొట్టి, కింద అంచు మీద నీళ్లు నిలబడి కుళ్లుంటుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని కింది నుంచి పైకి అంగుళం అంగుళం పొడుచుకుంటూ వెళ్లండి. మెత్తగా దిగినంత వరకు పోయింది, టక్‌మని ఆగిన చోట నుంచి గట్టిది. మా నాన్న అయితే గట్టి చోట కోసేసి, కింద అడ్డంగా ఒక కొత్త పలకను బయటికి వాలుగా కొట్టేవాడు, నీళ్లు దాని మీద నుంచి జారి దూరంగా పడతాయి. మొత్తం పీకే పని లేదు. ఆ పాత టేకుకు ఇప్పుడు సామిల్లులో ఏం ధర చెప్తారో ఒకసారి అడిగి రండి, తర్వాత ఆ కాంట్రాక్టర్‌తో మాట్లాడండి.

కడప_బండ
నేను చెప్తే కోపం వస్తుందేమో గానీ, ఇదంతా ఎందుకు? పైన పడగొట్టి పిల్లర్లు వేసి స్లాబ్ వేసుకోండి. మా ఊళ్లో అందరూ అదే చేశారు. పాత ఇంటికి పెట్టే డబ్బు చిల్లుకుండలో పోసిన నీళ్లే.

గవాచి
కింద మట్టి గోడల మీద స్లాబ్ నిలబడుతుందా? పిల్లర్లు పునాది నుంచి లేపాలి, అంటే కింద ఇల్లు కూడా పగలగొట్టాలి. చల్లగా ఉన్న ఇల్లు పగలగొట్టి వేడి ఇల్లు కట్టుకుని దానికి రెండు ఏసీలు. భలే.

ప్రొద్దుటూరు_పిల్ల
మా పక్కింటివాళ్లు పాత చెక్క వరండాకు బయట పీవీసీ పట్టీలు కొట్టించారు, ముదురు గోధుమ రంగు, చెక్కలాగే కనిపిస్తుందని. వేసింది జనవరిలో. మే కల్లా మధ్యలో ఉబ్బి, చివర్లు స్క్రూల దగ్గర చీలి, సముద్రంలో అలలు వచ్చినట్టు తయారైంది. అమ్మినవాళ్లు ఇది గోడ లోపల వేసుకునే రకం అండీ అన్నారు, వేసేటప్పుడు మాత్రం అనలేదు. ఒకవేళ ప్లాస్టిక్ వేయాలనుకుంటే లేత రంగు, బయటి వాడకానికి అని రాసి ఉన్నదే తీసుకోండి. నన్నడిగితే వద్దు.

సివిల్_సార్
ఏసీపీ గురించి. రెండు సన్న అల్యూమినియం రేకుల మధ్య ఉండేది చవక రకంలో ఉత్త పాలిథిలీన్, అంటే ప్లాస్టిక్. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయారు, మంట అంత తొందరగా పైకి పాకడానికి ప్రధాన కారణం గోడకు బయట తొడిగిన ఆ రకం క్లాడింగే అని విచారణలో తేలింది. ఇక్కడ మీరు చెక్క గోడ, దాని పక్కన థర్మాకోల్, దాని బయట ఏసీపీ అంటున్నారు. వంటింటి పొయ్యిలో కట్టెలు పేర్చినట్టే.

నంద్యాల_నీడ
ఇంత మంది గోడల గురించే మాట్లాడుతున్నారు. అక్కా, పైకప్పు ఏంటో చెప్పలేదు మీరు.

మేడమెట్లు
ఇదివరకు మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్న వాసాలు), వాటి మీద పలకలు, మన్ను, పైన చౌడు (నీళ్లు దిగకుండా పరిచే చవిటి మన్ను). ఏటా తొలకరికి ముందు తాత చౌడు కొత్తగా పరిపించేవాడు. ఆయన పోయాక ఆ పని తెలిసిన మనుషులు దొరక్క ఉరవడం మొదలైంది, 2004లో నాన్న మన్నంతా దింపించి, పలకలు కూడా తీయించి సిమెంటు రేకులు వేయించాడు. దూలాలు, దంతెలు అలాగే ఉన్నాయి.

నంద్యాల_నీడ
అదీ సంగతి! మరి తాత ఉన్నప్పుడు పైన ఇంత వేడి ఉండేదా?

మేడమెట్లు
అమ్మను అడిగా. మధ్యాహ్నం అందరూ పైనే పడుకునేవాళ్లమని చెప్పింది. నేనెప్పుడూ ఆలోచించలేదు ఇలా.

కర్నూలు_కుర్రోడు
అంటే ఇరవై ఏళ్లుగా రేకుల మీది కోపం చెక్కల మీద చూపిస్తున్నారన్నమాట.

సివిల్_సార్
మన దగ్గర ఎండాకాలం సూర్యుడు గోడను కాదు, కప్పును కొడతాడు. ఆదోని అక్షాంశం 15 దాటి కాస్త ఎక్కువ, మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. ఆ తర్వాత ఆగస్టు దాకా మధ్యాహ్నం పూట కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. పడమటి గోడకు ఎండ గట్టిగా తగిలేది రెండింటి తర్వాత. సిమెంటు రేకు మందం 6 మిల్లీమీటర్లు, దాన్ని అడ్డం అనలేం. ఇళ్ల కోసం కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది, అందులో కప్పు గుండా వేడి దూరే లెక్క (యూ-వాల్యూ, ఎంత తక్కువైతే అంత మంచిది) 1.2 దాటకూడదు. ఉత్త రేకుకు అది 5 పైనే. దాని కింద 2 అంగుళాల రాక్‌వూల్ (రాయిని కరిగించి తీసిన నూలు) పరిస్తే 0.7 లోపుకు వస్తుంది. మీ డబ్బులో మొదటి రూపాయి పైన పెట్టండి, గోడ సంగతి తర్వాత.

మేడమెట్లు
తమ్ముడు నమ్మట్లేదు. పడమటి గోడ ముట్టుకుంటే కాలుతోంది కదా అంటాడు.

నంద్యాల_నీడ
కొలవండి. నమ్మకాలతో పనేముంది. చేతిలో పట్టుకుని గురిపెట్టే థర్మామీటర్ గన్ ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. కరోనా అప్పటి నుదుటి గన్ పనికిరాదు, అది 42, 43 దాటితే ‘హై’ అని చూపించి ఊరుకుంటుంది. నేను మొదట దాంతోనే మా స్లాబ్ కొలిచి, మా ఇంటికి జ్వరం అనుకున్నా.

ఉగ్గాని_బజ్జి
డోలో వేశావా?

ఒహాయో_సీమోడు
మాది అనంతపురం, ఉండేది ఒహాయోలో. ఇక్కడ 1920లలో కట్టిన చెక్క ఇంట్లో ఉంటున్నా, పోయిన ఏడాదే గోడలు చేయించా కాబట్టి చెప్తున్నా. ఇక్కడి గోడ రెండు పొరలు, మధ్యలో నాలుగంగుళాల ఖాళీ. బయట నుంచి పిడికిలంత రంధ్రాలు చేసి పైపుతో సెల్యులోజ్ ఊదించారు. పాత న్యూస్‌పేపర్లను తురిమి, మంట, పురుగు పట్టకుండా బోరేట్ కలుపుతారు, అదే సెల్యులోజ్. తర్వాత ఇంటి చుట్టూ ఒక గుడ్డలాంటి షీట్ చుట్టి, దాని మీద సైడింగ్ (బయటి పట్టీలు) కొట్టారు. చలికాలం గ్యాస్ బిల్లు బాగా తగ్గింది. అక్కా, మీరు కూడా లోపల వైపు పాలితీన్ షీట్ కొట్టించి, దాని వెనకాల ఇన్సులేషన్ పెట్టించండి, తేమ గోడలోకి వెళ్లదు.

వడ్లాయన_కొడుకు
పాలితీన్ వద్దు అన్నా, దయచేసి. చెక్కకు ఊపిరి ఆడాలి. వానాకాలం తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. ఒక పక్క ప్లాస్టిక్ కప్పేస్తే ఆరే దారి మూసుకుపోతుంది, మూడేళ్లలో పలక వెనక బూజు.

సివిల్_సార్
ఇద్దరూ కరెక్టే, ఊరు వేరు అంతే. ఒహాయోలో మంచు కాలంలో ఇంటి లోపలి వెచ్చటి తేమ గాలి చల్లటి గోడలోకి వెళ్లి నీరు కడుతుంది, అందుకే వాళ్లు లోపల వైపు అడ్డం పెడతారు. ఆదోనిలో ఆ బాధ లేదు, లోపల నుంచి పోయే తేమ ఏముంటుంది, ఉగ్గాని వండినప్పుడు వచ్చే ఆవిరి తప్ప. మనకు కావాల్సింది నీడ, గాలి సందు, జల్లు లోపలికి రాకపోవడం.

ఒహాయో_సీమోడు
సరే, ఒప్పుకున్నా. ఇక్కడ మైనస్ 20కి వెళ్తుంది, ఆ లెక్కలోనే ఆలోచించాను. ఇంకొకటి మాత్రం వినండి. పాత పెయింట్ పొడిగా రుద్దొద్దు. ఇక్కడ 1978 దాకా ఇళ్ల పెయింట్లలో సీసం ఉండేది, అందుకే మా ఇంటికి బయట టార్పాలిన్లు కట్టి, మాస్కులు పెట్టుకుని చేశారు. మన దేశంలో పెయింట్‌లో సీసానికి గట్టి పరిమితి 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. తాతగారి కాలం పెయింట్ అంటే ఉంటుందనే అనుకోండి. తడిపి గీకాలి, పిల్లలు దూరంగా ఉండాలి.

కడప_బండ
మళ్లీ మట్టి మిద్దే వేసుకోవచ్చు కదా మరి? మీరంతా పాతదే గొప్ప అంటున్నారుగా.

సివిల్_సార్
వెటకారానికి అడిగినా మంచి ప్రశ్న. పన్నెండు బై పదిహేను గది మీద అరడుగు మన్ను అంటే నాలుగు టన్నులు దాటుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. ఇరవై ఏళ్లుగా బరువు లేకుండా ఉన్న దూలాల్లో లోపల చెద ఉందో లేదో చూడకుండా ఎత్తించొద్దు. పైగా మన్ను చేసే పని వేరు. పగలంతా వేడి తాగి, రాత్రికి మెల్లగా వదులుతుంది. అందుకే మధ్యాహ్నం లోపల పడుకుని, రాత్రి మంచాలు మిద్దె మీదికి ఎక్కించేవాళ్లు. రాత్రి కూడా గదిలోనే పడుకోవాలంటే వేడిని లోపలికి రానివ్వనిది కావాలి.

మేడమెట్లు
గన్ తెప్పించి కొలిచాం. నిన్న మధ్యాహ్నం మూడింటికి రేకు లోపలి వైపు 58, పడమటి పలక లోపలి వైపు 43. సాయంత్రం ఐదున్నరకు రేకు 49, పలక 47. తమ్ముడు నోరెత్తలేదు.

నంద్యాల_నీడ
మూడింటికి పదిహేను డిగ్రీల తేడా, చూశారా. మా స్లాబ్‌కు గానుగ సున్నం రెండు కోట్లు, కాస్త జిగురు కలిపి కొట్టించాం. పోయిన మేలో సున్నం లేని మూల 61, సున్నం ఉన్నచోట 46. సున్నం రెండు వానాకాలాలు ఓర్చుకుంటుంది, మళ్లీ కొట్టాలి. రేకుల మీద అయితే కూల్ రూఫ్ పెయింట్ బాగా పట్టుకుంటుంది, సున్నం వానకు జారుతుంది. ఒకటి మాత్రం జాగ్రత్త, సిమెంటు రేకు మీద అడుగు పెట్టకండి, పగిలి మనిషి కిందపడతాడు. గట్టి చెక్క పలకలు పరిచి వాటి మీద నడవాలి.

గవాచి
2004 రేకు అంటే ఆస్‌బెస్టాస్ అయ్యుంటుంది. దాన్ని డ్రిల్ చేయడం, కోయడం, వైర్ బ్రష్‌తో రుద్దడం ఏదీ వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. కడగాలంటే నీళ్లు పోసి మెత్తటి చీపురుతో. ఫాల్స్ సీలింగ్ వేలాడదీయడానికి రేకుకు కాదు, దంతెలకు బిగించాలి.

కరెంటు_మామ
నాదో ముక్క. గోడ మూసే ముందు వైరింగ్ చూశారా? పాత చెక్క ఇళ్లలో కొయ్య పట్టీల కేసింగ్‌లో వైర్లు పోతుంటాయి, రబ్బరు ఎండి పెళుసుగా అయ్యుంటుంది, వంచితే బిస్కెట్‌లా విరుగుతుంది. ఇన్నాళ్లూ గాలి తగులుతోంది కాబట్టి నడుస్తోంది. దాని మీద రాక్‌వూల్ కప్పితే వైర్ వేడి బయటికి పోదు. ముందు పైపుల్లో కొత్త రాగి వైరు లాగించండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి, ఆ తర్వాతే ఏదైనా మూయండి. ఎవరూ వినరు, అన్నీ అయ్యాక పిలుస్తారు మమ్మల్ని.

ప్రొద్దుటూరు_పిల్ల
మామ చెప్పింది నిజం. మా పెదనాన్న ఇంట్లో అలాగే స్విచ్ బోర్డు వెనక చెక్క బొగ్గు అయ్యింది, వాసన వచ్చింది కాబట్టి సరిపోయింది.

మేడమెట్లు
ఒక వింత చెప్పాలి. స్క్రూడ్రైవర్ పరీక్ష చేద్దామని పడమటి గోడలో పాడైన పలక ఒకటి లాగించాం. వెనకాల ఇంకో పలకల వరస ఉంది! రెండింటి మధ్య మూడంగుళాల సందు. అందులో పత్తి. నిజంగా పత్తి, గింజ తీసిన వ్యర్థం లాంటిది, పసుపుగా మారి ముద్దలు కట్టింది. తాతకు జిన్నింగ్ మిల్లులో పని ఉండేది, అక్కడి నుంచి తెచ్చి కూరించి ఉంటాడు. మోకాలెత్తు దాకా గట్టిగా ఉంది, దాని పైన అంతా ఖాళీ. మధ్యలో ఎలుక గూడు, అందులో 1971 నాటి ఒక రసీదు ముక్క.

ఉగ్గాని_బజ్జి
ఆదోని పత్తికి దేశమంతా పేరు అంటే ఏమో అనుకున్నా, గోడల్లో కూడా పెట్టుకున్నారా!!

ఒహాయో_సీమోడు
మీ తాత నాకంటే యాభై ఏళ్ల ముందే చేసేశాడు అక్కా. పత్తి కూడా మంచి ఇన్సులేషనే, థర్మాకోల్‌కు పెద్ద తేడా ఉండదు. వదులుగా నింపింది ఏదైనా ఏళ్ల తరబడి కిందికి దిగిపోతుంది, ఇక్కడ పాత ఇళ్లలో రంపపు పొట్టు పోసేవాళ్లు, అదీ ఇలాగే దిగేది. అందుకే ఇప్పుడు ఊదేటప్పుడు గట్టిగా దట్టిస్తారు.

కరెంటు_మామ
పాత వైరు పక్కన యాభై ఏళ్ల ఎండు పత్తి. ఇవాళే తీసేయండి. మెయిన్ ఆపి తీయండి.

మేడమెట్లు
తీసేశాం, ఏడు గోతాలు. అమ్మ ఒక గుప్పెడు కవర్లో దాచుకుంది. ఇప్పుడు ఆ మూడంగుళాల సందులో ఏం పెట్టాలి?

వడ్లాయన_కొడుకు
రెండు పొరలు ఉన్నాయంటే మీ పని సగం అయిపోయినట్టే. లోపలి పొర కదిలించొద్దు. దానికి ఆనించి 2 అంగుళాల రాక్‌వూల్ పలకలు, ఉత్త దుప్పటి రకం కాకుండా గట్టి పలక రకం, అది కిందికి జారదు. బయటి పొరకు, రాక్‌వూల్‌కు మధ్య ఒక అంగుళం ఖాళీ వదలండి. ఆ ఖాళీ కింద, పైన తెరిచి ఉండాలి, అక్కడ సన్న స్టీల్ జాలీ కొట్టాలి, లేదంటే ఎలుక, ఉడుత, తొండ అన్నీ కాపురం పెడతాయి. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంది, తడి ఉన్నా ఆరుతుంది. బయటి పలకలు అవే వాడండి. కింద కోశాక పొట్టి అవుతాయి కాబట్టి నిలువుగా కాకుండా అడ్డంగా మార్చి, పై పలక కింది పలక మీద అంగుళం ఎక్కేలా చేప పొలుసుల్లా కొట్టించండి, జల్లు లోపలికి రాదు. ప్రతి పలకకు మేకు ఒక అంచునే కొట్టాలి. రెండు పలకలను కలిపి ఒకే మేకు కొడితే చెక్క ఎండి ముడుచుకున్నప్పుడు మధ్యలో చీలుతుంది, ఇప్పటి కుర్రాళ్లు చేసే తప్పు ఇదే. కొట్టే ముందు నాలుగు పక్కలా, ముఖ్యంగా కోసిన కొనలకు, లిన్సీడ్ నూనె పట్టించండి. నూనె గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి, ఆరేసి పారేయండి.

గవాచి
చెద మందు కూడా. కింద మట్టి గోడల నుంచి మట్టి గీతలు పైకి పాకుతుంటాయి చూడండి. చెద మందుకు ఐఎస్ 6313 అని ఒక భారతీయ ప్రమాణం ఉంది, దాని మూడో భాగం ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్ల కోసమే, మందు వేసేవాణ్ణి అది తెలుసా అని అడిగితే చాలు, తెలిసినవాడా కాదా బయటపడుతుంది.

కడప_బండ
ఇంత చేసేకన్నా స్లాబే చవక. సరే, నేను ఆపేస్తున్నా.

కర్నూలు_కుర్రోడు
ఎంత అయ్యింది అక్కా మొత్తం? దాచకుండా చెప్పు.

మేడమెట్లు
ఇప్పుడు పని అయిపోయింది, జూన్ చివర్లో రాస్తున్నా. ముందు వైరింగ్, తర్వాత కప్పు, ఆఖరున పడమటి గోడ ఒక్కటే. మిగతా మూడు గోడలు ముట్టుకోలేదు, డబ్బు అయిపోయింది. మొత్తం ఖర్చు ఆ కాంట్రాక్టర్ చెప్పినదాంట్లో సగం కన్నా కొంచెం ఎక్కువ, అందులో ఎక్కువ భాగం వడ్రంగి కూలీ. రేకుల మీద తెల్ల పెయింట్, దంతెలకు కింద ఫ్రేమ్ కట్టి రాక్‌వూల్, దాని కింద కాల్షియం సిలికేట్ బోర్డు, రేకుకు రాక్‌వూల్‌కు మధ్య గాలి పోవడానికి రెండు చివరలా జాలీలు. మొదట రాక్‌వూల్ చేత్తో పట్టుకున్నది తమ్ముడే, గ్లవ్స్ లేకుండా. రెండు రోజులు గోక్కున్నాడు. మే 20న మూడింటికి సీలింగ్ 38, గదిలో 36. ఫ్యాన్ కింద కూర్చోవచ్చు. ఆ కాంట్రాక్టర్ మళ్లీ ఫోన్ చేసి మిగిలిన చెక్క అమ్ముతారా అని అడిగాడు.

ఉగ్గాని_బజ్జి
గృహప్రవేశం పెట్టి అందరికీ ఉగ్గాని బజ్జీ పెట్టాల్సిందే.

మేడమెట్లు
పెడతా గానీ ఒక సందేహం. మొన్న రెండు వానలు పడ్డాక పడమటి గోడలో పాత తలుపు బిగుసుకుపోయింది, భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోవట్లేదు. చిత్రిక పట్టించేయనా?

వడ్లాయన_కొడుకు
ఇప్పుడు ముట్టుకోవద్దు అక్కా. వానకు ఉబ్బింది, ఇప్పుడు గీయిస్తే ఎండాకాలం వేలు దూరేంత సందు వస్తుంది. అంచులకు కొవ్వొత్తి రుద్ది వాడుకోండి, దసరా దాటాక చూద్దాం.